పాత వీడియో గేములు: రేకు సరే, బాణీ ఏది?

2009 మార్చిలో ప్లేస్టేషన్-2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ అనే ఆట విడుదలైంది. హైదరాబాద్‌కు చెందిన ఆరోనా టెక్నాలజీస్ దాన్ని తయారు చేసింది, సోనీ ప్రచురించింది. టీవీకి తగిలించుకుని ఆడే యంత్రం కోసం పూర్తిగా మన దేశంలోనే రూపొందిన తొలి ఆటగా దానికి పేరుంది. తెలుగు నేల మీద పుట్టిన ఆట, కథానాయకుడు ఆంజనేయుడు. పన్నెండేళ్ల తర్వాత, 2021 శ్రీరామనవమి నాడు, తిరుమల కొండల్లోని అంజనాద్రే హనుమంతుని జన్మస్థలమని తిరుమల తిరుపతి దేవస్థానం ప్రకటించింది. ఆ విధంగా ఈ ఆటకు తిరుపతితో బంధుత్వం కూడా కలిసింది. మరి తిరుపతిలో ఎవరి ఇంట్లోనైనా బీరువా అడుగున ఆ డిస్కు ఇవాళ బయటపడితే, దాన్ని ఆడడానికి ఏమేం కావాలి?

మొదట ప్లేస్టేషన్-2 కావాలి. 2000 మార్చిలో జపాన్‌లో అమ్మకానికి వచ్చి, ప్రపంచమంతటా 15 కోట్లకు పైగా అమ్ముడుపోయి, 2013 జనవరి నాటికి తయారీ ఆగిపోయిన యంత్రం అది. ఎన్ని కోట్లు అమ్ముడైనా, వాటిలో అన్నిటికంటే చిన్నదాని వయసు కూడా పదేళ్లు దాటింది. ఆ యంత్రంలో లెన్స్ పనిచేయాలి. డిస్కు మీద లోతైన గీతలు ఉండకూడదు. చేతిలో పట్టుకునే జాయ్‌స్టిక్ మీటలు నొక్కితే పలకాలి. ఆడినంత వరకు దాచుకోవడానికి మెమరీ కార్డు ఉండాలి. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు గుచ్చే చోటు టీవీకి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగిలినవి ఉండి లాభం లేదు. ఆట అంటే డిస్కు అని అనిపిస్తుంది కానీ, ఈ వరుస మొత్తం కలిస్తేనే ఆట. పాత ఆటలను కాపాడడం గురించి జరిగే చర్చలు చాలావరకు డిస్కులోని సమాచారం దగ్గరే ఆగిపోతున్నాయి. గొలుసు తెగుతున్నది మాత్రం ఎక్కువగా మిగతా కొలికుల దగ్గర.

ప్లేస్టేషన్-2లో అన్నిటికంటే ముందు అలసిపోయేది దాని కన్ను. మెకానిక్కులు లెన్స్ అనే ఈ భాగం నిజానికి ఒక చిన్న బండి. లేజర్ కిరణాన్ని పుట్టించే డయోడు, ఆ కిరణాన్ని డిస్కు మీద ఒక్కచోటికి చేర్చే ప్లాస్టిక్ కటకం, తిరిగి వచ్చిన కాంతిని గమనించే భాగం అన్నీ అందులో ఉంటాయి. రెండు సన్నని ఉక్కు కడ్డీల మీద ఆ బండి ముందుకూ వెనక్కూ జరుగుతుంది. కందిగింజంత కటకం సన్నని తీగల ఆధారంతో తేలుతూ, గిర్రున తిరిగే డిస్కు ఏ కాస్త పైకి లేచినా తానూ అంతే లేచి దూరం సరిచూసుకుంటుంది. పెద్ద మోడల్ యంత్రాన్ని బోర్లించి, అడుగున ఉన్న మూతలు తీసి, స్క్రూలు విప్పి, డ్రైవు పైరేకు ఎత్తితే ఇదంతా కంటికి కనిపిస్తుంది. ఏళ్ల తరబడి అటక మీద ఉన్న యంత్రంలో కటకం మీద మసక పొర, కడ్డీల మీద గట్టిపడి పసుపు తిరిగిన గ్రీజు, దానికి అంటుకున్న దుమ్ము ఉంటాయి. ఆ పొరలో దుమ్ము ఒక్కటే లేదు. మన ఇళ్లలో టీవీ ఉన్న గదిలోనే దేవుడి పటాలు కూడా ఉంటాయి. ఉదయం అగరుబత్తి, శుక్రవారం సాంబ్రాణి, పక్క గదిలో తాలింపు. ఆ పొగా, ఆ నూనె ఆవిరీ ఏళ్ల తరబడి కటకం మీద పేరుకుంటాయి.

దీనికి మందు కష్టమైనదేమీ కాదు. మొబైల్ రిపేరు దుకాణాల్లో ఐపీఏ అని అడిగితే ఇచ్చే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్లను కొద్దిగా తడిపి, కటకాన్ని నొక్కకుండా గుండ్రంగా తుడవాలి. గోళ్ల రంగు తుడిచే ద్రవం దగ్గరికి కూడా తీసుకురాకూడదు, అందులోని అసిటోన్ ప్లాస్టిక్ కటకాన్ని శాశ్వతంగా మసకబారుస్తుంది. తర్వాత కడ్డీల మీది పాత గ్రీజును పూర్తిగా తుడిచి, ప్లాస్టిక్ భాగాలకు వాడే తెల్ల గ్రీజును పలచగా పూయాలి. ఈ రెండు పనులతోనే లేచి కూర్చునే యంత్రాలు చాలా ఉంటాయి. అసలు పేచీ మూడో పని దగ్గర వస్తుంది. లేజర్‌కు అందే కరెంటును సరిచేసే చిన్న మర ఒకటి బండి పక్కన ఉంటుంది, మెకానిక్కులు దాన్ని పాట్ అంటారు. దాన్ని వెంట్రుకవాసి తిప్పితే డయోడుకు ఎక్కువ కరెంటు అంది, డిస్కు వెంటనే చదవడం మొదలవుతుంది. అడిగినవారికి యంత్రం బాగుపడినట్టే కనిపిస్తుంది. ఆరిపోబోయే దీపానికి ఒత్తి ఎగదోయడం లాంటిది అది. వెలుగు పెరుగుతుంది, ఆయుష్షు తరుగుతుంది. చేయి తిరిగిన మెకానిక్ మొదట తుడుస్తాడు, తర్వాత గ్రీజు మారుస్తాడు, పాట్‌ను ఆఖరి మాటగా ఉంచుకుంటాడు. తొందరలో ఉన్నవాడు నేరుగా పాట్ దగ్గరికే వెళ్తాడు. యంత్రాన్ని రిపేరుకు ఇచ్చేటప్పుడు ఈ వరుస పాటించమని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

లెన్స్ బాగున్నా డిస్కు మోసం చేయవచ్చు. కంపెనీ అచ్చువేసిన డిస్కులో సమాచారం ప్లాస్టిక్‌లోనే గుంటలుగా పడి ఉంటుంది, గీతలు పడకుండా చూసుకుంటే దశాబ్దాలు నిలుస్తుంది. కంప్యూటర్‌లో రాసిన కాపీ డిస్కు అలా కాదు. అందులో గుంటలు ఉండవు, రంగు పొర మీద లేజర్ వేసిన మరకలుంటాయి. ఎండకూ వేడికీ ఆ రంగు పాలిపోతుంది. అసలు డిస్కుతో పోలిస్తే అది తిప్పి పంపే కాంతి కూడా తక్కువ కాబట్టి, ముసలి లెన్స్‌కు ముందు కనిపించకుండా పోయేవి కాపీలే. మన ఊళ్లలో ప్లేస్టేషన్ డిస్కుల పెట్టెల్లో కాపీలు ఎన్ని ఉండేవో ఆ కాలం పిల్లలందరికీ తెలుసు. మండువేసవిలో నలభై డిగ్రీలు దాటే తిరుపతిలో, రేకుల కప్పు కింది అటక మీద పెట్టిన ఆ డిస్కులకు కాలం దగ్గరపడింది. అసలు డిస్కు ఉన్నవారు దాన్ని భద్రంగా చూసుకోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

విడిభాగాల సంగతి కొంచెం చిక్కు. తిరుపతి, చిత్తూరు మెకానిక్కులకు పెద్ద ఆధారం ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే చెన్నై రిచీ స్ట్రీట్, చిత్తూరు వైపు వారికి అలాంటిదే బెంగళూరు ఎస్పీ రోడ్డు కూడా. తిరుపతిలో పొద్దున రైలెక్కి చెన్నై వెళ్లి, కెపాసిటర్లు, లెన్స్, రిబ్బన్ కేబుల్ కొనుక్కుని రాత్రికి ఇంటికి చేరవచ్చు. దొరికే లెన్స్ కొత్తదని చెప్పినా, పాత యంత్రం నుంచి ఊడదీసి తుడిచి అమ్మినది కావచ్చు. కాబట్టి మిగిలిన దారి ఒకటే, రెండు చెడిపోయిన యంత్రాలను కలిపి ఒక మంచి యంత్రం చేయడం. పాత సామాన్ల దుకాణంలో కేజీల లెక్కన పడి ఉన్న ప్లేస్టేషన్ ఇలాంటి పనికి బంగారం. లెన్స్ పోయినా దాని విద్యుత్ బోర్డు బాగుండవచ్చు, బోర్డు పోయినా జాయ్‌స్టిక్ పోర్టులు బాగుండవచ్చు. బరువు లెక్కన తూచి ముక్కలు చేసే ముందు ఎవరో ఒకరు చూడాలి, అంతే.

అమెరికాలో ఉన్న పిల్లలు, బంధువులు తెచ్చిన యంత్రాలు ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదు. వాటితో వేరే ప్రమాదం. అక్కడి పాత మోడళ్లలో 120 వోల్టులకు మాత్రమే చేసినవి ఉన్నాయి. అడుగున అంటించిన కాగితం చదవకుండా మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే విద్యుత్ బోర్డు అక్కడికక్కడే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఆ గండం దాటినా, ప్లేస్టేషన్-2 ఆటలకు ప్రాంతాల కట్టడి ఉంది. మన దేశంలో కొన్న డిస్కును అమెరికా యంత్రం ఒప్పుకోదు. హైదరాబాద్‌లో తయారై ఇక్కడ అమ్ముడైన ఆట, ఇంట్లోనే ఉన్న యంత్రంలో ఆడకపోవడానికి ఇదొక్కటే చాలు.

ఇక టీవీ. రేణిగుంట, ఏర్పేడు పరిసరాల్లోని ఎలక్ట్రానిక్స్ సముదాయాల్లో డిక్సన్ కంపెనీ ఎల్‌ఈడీ టీవీలు తయారు చేస్తోంది, టీసీఎల్ తెరల ప్యానెళ్ల కర్మాగారం కూడా తిరుపతి దగ్గరే ఉంది. దేశానికి పలకల్లాంటి టీవీలను పంపుతున్న ఊళ్లో, వెనక డొప్ప ఉన్న పాత టీవీ ఒకటి దొరకడం కష్టమైపోయింది. పాత ఆటలకు ఆ డొప్ప టీవీ అవసరం మోజు కొద్దీ పుట్టింది కాదు. పిక్చర్ ట్యూబు టీవీలో సంకేతం వచ్చిన క్షణంలోనే తెర మీద గీత పడుతుంది. కొత్త టీవీ ఆ సంకేతాన్ని ముందు లోపల దాచుకుని, పెద్దది చేసి, నునుపు చేసి, అప్పుడు చూపిస్తుంది. ఆ ఆలస్యం సెకనులో కొద్ది వంతే అయినా, మీట నొక్కిన క్షణానికీ బొమ్మ ఎగిరిన క్షణానికీ మధ్య వేలికి తెలుస్తుంది. కొన్ని వందల రూపాయలకు దొరికే ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే డబ్బాలు బొమ్మను చూపిస్తాయి కానీ, పాత యంత్రాలు పంపే సాదా గీతల బొమ్మను టీవీ ప్రసారపు బొమ్మగా పొరబడి అలుకుతాయి. పాత యంత్రాల కోసమే చేసిన రెట్రోటింక్, ఓఎస్ఎస్‌సీ వంటి పరికరాలు ఆ పని బాగా చేస్తాయి, ధర మాత్రం యంత్రం ధరను మించిపోతుంది.

కొన్ని ఆటలు కొత్త టీవీలో ఆలస్యంగా కాదు, అసలే ఆడవు. తుపాకీతో బాతులను కొట్టే ‘డక్ హంట్’ చాలా ఇళ్లలో ఉండేది. తుపాకీ తెర మీదికి ఏదో కిరణాన్ని వదులుతుందని పిల్లలు నమ్మేవారు. జరిగేది అందుకు సరిగ్గా తిరగబడి ఉంటుంది. తుపాకీ గొట్టంలో ఉన్నది కాంతిని చూసే కన్ను. ట్రిగ్గర్ నొక్కగానే ఆట ఒక్క లిప్త పాటు తెరంతా నల్లగా చేస్తుంది. మరుసటి లిప్తలో బాతు ఉన్న చోట తెల్లని చతురస్రం గీస్తుంది. రెండు బాతులుంటే ఒకదాని తర్వాత ఒకటి గీస్తుంది. నలుపు తర్వాత తెలుపు సరిగ్గా ఏ లిప్తలో కనిపించిందన్నదాన్ని బట్టి ఏ బాతు పడిందో లెక్క తేలుతుంది. కొత్త టీవీ చేసే ఆలస్యంలో ఆ తెలుపు లెక్క దాటిపోయాక వస్తుంది. పైగా పిక్చర్ ట్యూబులో గీతలు పడే వేగానికి, అంటే సెకనుకు పదిహేను వేలకు పైగా వచ్చే మినుకులకు మాత్రమే స్పందించేలా ఆ తుపాకీని చేశారు. ఎల్‌ఈడీ తెర అలా మినుకదు. తుపాకీ బాగుంది, క్యాసెట్ బాగుంది, యంత్రం బాగుంది, బాతు మాత్రం ఇక పడదు. పాత టీవీని పారేసిన రోజే ఆ ఆట ఇంట్లో ముగిసింది. పాత టీవీ ఉన్నవారు దాన్ని ఉంచుకోవడం మంచిదే కానీ, డొప్ప విప్పే పని సొంతంగా పెట్టుకోకూడదు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా పిక్చర్ ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉండవచ్చు. అది పాత టీవీ మెకానిక్కు వదిలేయాల్సిన పని.

క్యాసెట్ మాట వచ్చింది కాబట్టి అంతకు ముందు తరానికి వెళ్లాలి. తొంభైల్లో మన ఊళ్లలో ‘వీడియో గేమ్’ అంటే నింటెండో 1983 జులైలో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్‌కు నకలుగా వచ్చిన చవక యంత్రాలే. నింటెండో పేరు వినకుండానే మారియో, కంట్రా ఆడుతూ పెరిగిన తరం అది. క్యాసెట్ పెడితే బొమ్మ రాకపోతే, తీసి నోటితో ఊది మళ్లీ పెట్టడం అందరికీ తెలిసిన వైద్యం. ఆ వైద్యంలో పనిచేసింది ఊదడం కాదు, తీసి పెట్టడం. క్యాసెట్ అంచున ఉన్న అరవై పలకలకూ యంత్రంలోని పిన్నులకూ మధ్య పేరుకున్న పొర ఆ రాపిడికి తొలగి, తగలాల్సినవి తగిలేవి. ఊదినప్పుడు చేరిన తడి మాత్రం ఆ పలకలను మెల్లగా తుప్పు పట్టించింది. ఆ రోజుల్లో ఎక్కువ ప్రేమగా ఊదిన క్యాసెట్లే ఇవాళ ఎక్కువ నల్లబడి ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు. వాటికి కూడా లెన్స్‌కు వాడిన ఐపీఏ, దూదిపుల్లలే మందు. పెన్సిల్ రబ్బరుతో గట్టిగా రుద్దితే పలకలు మెరుస్తాయి కానీ, పైపూత అరిగి తర్వాత ఇంకా త్వరగా చెడతాయి.

ఈ నకలు యంత్రాలను విప్పితే చాలావాటిలో పేరున్న చిప్పు కనిపించదు. బోర్డు మధ్యలో తారుబొట్టులా ఒక నల్లని ఉబ్బు ఉంటుంది. ఖర్చు తగ్గించడానికి చిప్పును నేరుగా బోర్డుకు అతికి పైన రెసిన్ పోసేశారు. అది పోతే మార్చే దారి లేదు. వైర్లు, అడాప్టర్, మీటల కింది రబ్బరు ముక్కలు, టీవీకి వెళ్లే సాకెట్ వరకే మెకానిక్ చేయి ఆడుతుంది. ‘99 ఇన్ 1’, ‘9999 ఇన్ 1’ అని రాసి ఉండే క్యాసెట్లలో కూడా అదే నల్లని ఉబ్బు. మారియోను నింటెండో పదే పదే కొత్త యంత్రాలలో అమ్ముకుంటూనే ఉంది, అసలు మారియోకు వచ్చిన ముప్పేమీ లేదు. ఆ క్యాసెట్లలోని జాబితా తెరలు, వాటి వెనక వాయించిన సంగీతం, ఒకే ఆటకు పేరు మార్చి ఇరవై చోట్ల పెట్టిన జాబితాలు, ఎవరో మార్చిన తొలి మజిలీలు మాత్రం ఏ కంపెనీవీ కావు. వాటిని మళ్లీ విడుదల చేసేవారు లేరు, కాపాడాల్సిన బాధ్యత ఎవరి మీదా లేదు. మన పిల్లలు నిజంగా ఆడింది వాటినే.

వాటిని నకలు తీసి పెట్టడం కూడా తేలిక కాదు. ఆ యంత్రపు ప్రాసెసర్ క్యాసెట్‌లోని ప్రోగ్రాంలో ఒకసారికి 32 కిలోబైట్ల ముక్కను మాత్రమే చూడగలదు. పెద్ద క్యాసెట్లలో ఏ ముక్కను ఎప్పుడు ముందుకు తేవాలో చూసుకునే ఏర్పాటు ఒకటి ఉంటుంది, దానికి మ్యాపర్ అని పేరు. కంపెనీ క్యాసెట్ల మ్యాపర్లు అందరికీ తెలిసినవే. ఒక్కో నకలు క్యాసెట్‌కు ఒక్కో సొంత ఏర్పాటు, దాని గురించి కాగితం ముక్క కూడా ఉండదు. క్యాసెట్‌ను చదివే చిన్న పరికరంతో, ఏ అంకె రాస్తే ఏ ముక్క మారుతోందో ఒక్కొక్కటిగా పరీక్షించి తెలుసుకోవాలి. ఎస్వీ యూనివర్సిటీ, ఐఐటీ ఉన్న ఊళ్లో ఇది ఇంజినీరింగ్ విద్యార్థులకు చక్కని ప్రాజెక్టు. ప్రాసెసర్ చిరునామాలు పాఠంలో చదవడం కంటే ఆ నల్లని ఉబ్బు వెనక ఏముందో తవ్వి తీయడంలో నేర్చుకునేది ఎక్కువ.

సరే, సమాచారమంతా నకలు తీశామనుకుందాం. కంప్యూటర్‌లోనో ఫోనులోనో పాత యంత్రంలా నడిచే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాం పెట్టుకుని ఆడితే సరిపోదా? చాలావరకు సరిపోతుంది, ఆ మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. ప్లేస్టేషన్-2 ఆటలను పీసీఎస్ఎక్స్2, నింటెండో గేమ్‌క్యూబ్ ఆటలను డాల్ఫిన్ కంప్యూటర్‌లో నడిపిస్తున్నాయి. ఎవరూ జీతం ఇవ్వకపోయినా ఏళ్ల తరబడి ఆ పనిలో కూర్చున్నవారికి ఆటలాడే ప్రపంచం ఎంతో రుణపడింది. మిగిలిన వెలితి ఎక్కడుందో చెప్పడానికి తిరుమల కంటే మంచి ఉదాహరణ లేదు. అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరిచారు. శతాబ్దాల తర్వాత అవి వెలుగులోకి వచ్చాయి, పన్నెండు వేలకు పైగా పాటలు దక్కాయి. ప్రతి పాటకూ రాగం పేరు చెక్కి ఉంది. స్వరం మాత్రం లేదు. ఆ రాగంలో ఆనాడు ఆ పాటను ఎలా పాడారో రేకు చెప్పలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ వంటి విద్వాంసులు కొత్తగా స్వరపరిచారు, ఇవాళ లోకం పాడుకునేది ఆ బాణీలనే. అవి గొప్ప బాణీలు, అయినా అన్నమయ్య పాడినవి కావు. ఆట విషయంలో నకలు తీసిన ఫైలు రాగిరేకు లాంటిది. యంత్రం, టీవీ, చేతిలోని మీట కలిసి పాడిన బాణీ అందులో ఉండదు.

ఇది ఉపమానం కోసం సాగదీసిన మాటగా అనిపించకుండా ఒక లెక్క చూడవచ్చు. అమెరికా, జపాన్ టీవీలు సెకనుకు అరవై సార్లు తెరను గీసేవి. మన దేశపు పాల్ పద్ధతి టీవీలు యాభై సార్లు. ఆ కాలపు ఆటలు గడియారాన్ని చూసి నడిచేవి కావు, తెర గీసిన ప్రతిసారీ ఒక అడుగు వేసేవి. పాల్ టీవీల కోసం చేసిన నకలు యంత్రాల్లో జపాన్, అమెరికా ఆటలనే యథాతథంగా పెట్టారు కాబట్టి, అరవై అడుగులు వేయాల్సిన మారియో యాభైయే వేశాడు. ఆరింట ఐదు వంతుల వేగం అన్నమాట. గుంట అంచున ఎప్పుడు ఎగరాలో చిత్తూరు పిల్లవాడి వేలు నేర్చుకున్నది ఆ నెమ్మది మారియో దగ్గరే. అదే పిల్లవాడు ఇవాళ నడివయసులో ఎమ్యులేటర్ తెరిస్తే, మొదటి గుంటలోనే పడతాడు. వయసు మీద నెపం వేసుకుంటాడు కానీ, తప్పు వేగానిది. రష్యాలో ఇలాంటి నకలు యంత్రం ‘డెండీ’ పేరుతో ప్రసిద్ధమైంది. మెసెన్ వంటి ఎమ్యులేటర్లలో ఆ పేరుతోనే ఒక అమరిక ఉంది. దాన్ని ఎంచుకుంటే పాత మారియో తిరిగి వస్తాడు. ఎవరో ఒకరు ఆ యంత్రాలను బతికించి, వాటి గడియారాన్ని కొలిచి రాసిపెట్టారు కాబట్టే ఆ అమరిక ఉంది. ఎమ్యులేటర్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి పక్కన పనిచేసే అసలు యంత్రం ఒకటి ఎప్పుడూ కావాలి.

చట్టం విషయంలో అపోహలు రెండు వైపులా ఉన్నాయి. ఎమ్యులేటర్ రాయడం నేరం కాదని 2000లో సోనీకీ, ఎమ్యులేటర్ చేసిన కనెక్టిక్స్ సంస్థకూ మధ్య కేసులో అమెరికా అప్పీళ్ల న్యాయస్థానం తీర్పు దాదాపుగా తేల్చేసింది. మన 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, కంప్యూటర్ ప్రోగ్రాం ప్రతిని న్యాయంగా కలిగి ఉన్నవారు నష్టం నుంచి రక్షణ కోసం దానికి బ్యాకప్ తీసుకోవడానికి వీలు ఇస్తోంది. ఇంటర్నెట్‌లో దొరికిన ఫైలుకు ఆ రక్షణ లేదు. కాపీ కాకుండా పెట్టిన తాళాన్ని హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో విరగ్గొడితే శిక్ష అని 2012 సవరణలో వచ్చిన 65ఏ సెక్షన్ చెబుతోంది. ఆ సవరణలోనే, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం భద్రపరచడం కోసం ఒక రచనను ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చన్నారు. గ్రంథాలయం దగ్గర ఆ రచన డిజిటల్ కాని ప్రతి ఉండాలన్నది షరతు. పుస్తకానికి బాగా అమరే మాట అది. ఆట పుట్టడమే డిజిటల్‌గా పుట్టింది. భద్రపరచడానికి తెరిచిన తలుపు, అన్నిటికంటే త్వరగా పాడయ్యే వస్తువుకే మూసుకుపోయింది. దీన్ని సవరించాలని అడగడానికి తెలుగు రాష్ట్రాలకు అందరికంటే ఎక్కువ కారణం ఉంది. ‘హనుమాన్’ లాగే, కబడ్డీ, గాలిపటాలు, గూటీబిళ్ల వంటి ఆటలను ప్లేస్టేషన్-2లో పెట్టిన ‘దేశీ అడ్డా’ కూడా హైదరాబాద్‌లోనే తయారైంది, దాన్ని చేసింది గేమ్‌శాస్త్ర అనే సంస్థ. అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతం ఇవాళ మార్కెట్లో కొనడానికి దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. అంత పెద్ద మార్కెట్‌లోనే పరిస్థితి అది.

యంత్రాల్లో కొన్ని వాడకపోయినా చెడిపోతాయి, వాటి విషయంలో ఆలస్యం పనికిరాదు. మైక్రోసాఫ్ట్ మొదటి ఎక్స్‌బాక్స్‌లో, ఆఖరి మోడళ్లు తప్ప, గడియారం కోసం పెట్టిన కెపాసిటర్ కాలక్రమంలో కారి బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది. దాన్ని తీసేసినా యంత్రం పనిచేస్తుంది, తేదీ మాత్రం గుర్తుండదు. గేమ్ బాయ్ క్యాసెట్లలో ఆడినంత వరకు గుర్తుంచుకునేది ఒక బిళ్ల బ్యాటరీ. అది అయిపోతే పోగేసుకున్న పోకెమాన్లన్నీ పోతాయి, బ్యాటరీ మార్చేందుకు ఊడదీసినా పోతాయి, కాబట్టి ముందు నకలు తీసుకోవాలి. ప్లేస్టేషన్-4లో కూడా గడియారపు బిళ్ల అయిపోయి, సోనీ సర్వర్‌ను అందుకోలేని పరిస్థితి వస్తే ఆటలు తెరుచుకోని లోపం ఉండేది. జనం గట్టిగా అడిగాక 2021 సెప్టెంబర్‌లో వచ్చిన సాఫ్ట్‌వేర్‌తో ఆ ముడి విడిపోయింది. అడిగితే జరుగుతుంది అనడానికి అదొక రుజువు.

మెకానిక్ చేతికి అసలే అందనిది సర్వర్. నింటెండో 3డీఎస్, వీ యూ యంత్రాలకు ఆటలు అమ్మే ఆన్‌లైన్ అంగడి 2023 మార్చిలో, ఎక్స్‌బాక్స్ 360 అంగడి 2024 జులైలో మూతపడ్డాయి. యూబీసాఫ్ట్ ‘ద క్రూ’ సర్వర్లను 2024 మార్చి ఆఖరున ఆపేయగానే, డబ్బిచ్చి డిస్కు కొన్నవారికి కూడా ఆ ఆట లేకుండా పోయింది. ఆ కోపంలోంచి పుట్టిన ఉద్యమానికి 2025 జులై నాటికి యూరప్‌లో 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. మన దగ్గర ఇది మరో రూపంలో అనుభవమే. 2020 సెప్టెంబర్‌లో పబ్జీ మొబైల్‌ను ప్రభుత్వం నిషేధించినప్పుడు, ఫోనులో ఏ లోపమూ లేకుండానే ఆట ఆగిపోయింది. నిషేధం సబబా కాదా అన్నది వేరే చర్చ. తుడవడానికి లెన్స్ లేని, మార్చడానికి కెపాసిటర్ లేని ఆటను ఎవరు ఎలా దాచాలన్న ప్రశ్నకు కంపెనీలు అమ్మే రోజునే జవాబు రాసి ఇవ్వాలి. మూసేసే రోజు అడిగితే దొరకదు.

బీరువాలో దొరికిన ఆ డిస్కు దగ్గరికి తిరిగి వస్తే, లెన్స్ కంటే ముందు చూడాల్సింది దాని పక్కనే పడి ఉన్న మెమరీ కార్డును. ఎనిమిది మెగాబైట్ల ఆ నల్లని ముక్కకు బ్యాటరీ అక్కర్లేదు, డిస్కు చదవని యంత్రంలో కూడా అది తెరుచుకుంటుంది. డిస్కు లేకుండా యంత్రాన్ని ఆన్ చేసి కార్డును ఎంచుకుంటే, దాచుకున్న ఒక్కో ఆటా ఒక్కో చిన్న బొమ్మగా తెర మీద మెల్లగా తిరుగుతుంది. కంపెనీ డిస్కులను ఎక్కడో ఒకచోట మళ్లీ సంపాదించవచ్చు. ఈ కార్డులో ఉన్నది ఆ ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేదు. ఫ్రీ ఎంసీ బూట్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్న మరో కార్డు సాయంతో దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తీయడం కొద్ది నిమిషాల పని. ఏదైనా ఒక బొమ్మను ఎంచుకుంటే, ఆ పిల్లవాడు చివరిసారి ఆడి ఆపిన తేదీ దాని పక్కనే ఉంటుంది.